ఫాల్గుణపు గౌతమి, రెండు కురిడీ కాయలు

సంక్రాంతికి చలి చంకలెత్తనివ్వదని, శివరాత్రికి శివశివా అంటూ వెళ్లిపోతుందని మన ఊళ్లలో అందరూ అనే మాటే. మా అమ్మమ్మ ఇంట్లో మాత్రం ఆ మాటకు మరొక అర్థం కూడా ఉండేది. శివరాత్రి వెళ్లేదాకా పిల్లలెవరూ గోదావరిలో దిగకూడదు. వెళ్లిన తరువాత ఎవరు ఎంతసేపు నీళ్లలో నానినా ఆమె పల్లెత్తు మాట అనదు. మాఘమాసమంతా తాను మాత్రం తెల్లవారకముందే రేవుకు వెళ్లి తలారా స్నానం చేసి వచ్చేది. మేము వెంటపడితే, "మీకు ఇంకా వేళ కాలేదు నాన్నా, నీళ్లు కొరుకుతాయి" అని గుమ్మంలోనుంచే వెనక్కి పంపేది. ఆ వేళ ఎప్పుడవుతుందా అని సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయిన మర్నాటినుంచే మేము రోజులు లెక్కపెట్టుకునేవాళ్లం.

మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో, ముక్తేశ్వరం రేవుకు దిగువన, గౌతమి పాయ ఒడ్డున ఉంటుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి, తన 1,465 కిలోమీటర్ల దారిలో చివరి మజిలీగా ధవళేశ్వరం చేరి, అక్కడ గౌతమిగా, వశిష్ఠగా చీలిపోతుంది. ఆ గౌతమికి ఇవతల మా ఊరు, అవతల ఒడ్డున కొంచెం ఎగువగా కోటిపల్లి సోమేశ్వరస్వామి గుడి. శివరాత్రినాడు ఇవతలి ఊళ్లవాళ్లంతా ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లి తీర్థానికి వెళ్లేవారు. మనుషులతో, సైకిళ్లతో, అరటిగెలలతో పంటు అంచులదాకా మునిగినట్టు కనిపించేది. ఆ రోజు కోటిపల్లి రేవులో అమ్మమ్మ చెయ్యి పట్టుకుని వేసే మూడు మునకలే మాకు ఆ ఏడాదికి నీటితో తొలి పలకరింపు. పంచాంగం లెక్కన వసంతం చైత్రంతో గాని మొదలుకాదు. నీటి లెక్కన చూస్తే మా వసంతం శివరాత్రి మర్నాటి అమావాస్య దాటి ఫాల్గుణం అడుగుపెట్టగానే వచ్చేసేది.

నేను ఈత నేర్చుకున్నది 1987వ సంవత్సరం ఫాల్గుణంలో. అప్పుడు ఐదో తరగతి చదువుతున్నాను. నాన్నగారి ఉద్యోగంలో బదిలీలు ఎక్కువగా ఉండటం వలన నన్ను నాలుగో తరగతినుంచి ఏడో తరగతిదాకా అమ్మమ్మగారింట్లోనే ఉంచి చదివించారు. ఆ సంవత్సరం నాకు అంత స్పష్టంగా గుర్తుండటానికి మరో కారణం ఉంది. దానికి ముందు ఆగస్టులోనే, అంటే 1986లో, భద్రాచలం దగ్గర 75.6 అడుగుల ఎత్తుకు చేరిన ఆ మహావరద ఏటి మధ్య ఉండే మా లంకల మీదుగా సముద్రానికి వెళ్లింది. మా అరుగు మీదకు నీళ్లు వచ్చిన రాత్రి పెద్దవాళ్లు బియ్యం బస్తాలను అటక మీదికి ఎక్కిస్తుంటే, నేను లాంతరు పట్టుకుని నిలబడిన సంగతి ఇప్పటికీ కళ్ల ముందుంది. వరద తీశాక చూస్తే గౌతమి ఒడ్డు పాత ఒడ్డు కాదు. కొన్నిచోట్ల గట్టు కోసుకుపోయింది, కొందరి కొబ్బరిచెట్లు వేళ్లతో సహా ఏటిలో పడిపోయాయి. అయితే అదే వరద మా రేవుకు ఎదురుగా, ఇదివరకు లేని ఒక పెద్ద ఇసుక తిప్పను మేటవేసి వెళ్లింది. పెద్దలకు వరద మిగిల్చిన నష్టం అర్థమయ్యే వయసు నాకు అప్పటికి లేదు. నాకు ఆ తిప్ప మాత్రమే కనిపించేది.

ఆ రోజుల్లో గోదావరి ఎలా ఉండేదో చూడనివాళ్లకు చెప్పడం కొంచెం కష్టం. ఆషాఢ శ్రావణాల్లో ఎర్రగా, చెట్ల మొద్దులను మోసుకుంటూ, ఒడ్డున నిలబడినవాళ్ల గుండెల్లో దడ పుట్టిస్తూ పోయే ఆ నదే, ఫాల్గుణం వచ్చేసరికి నీలంగా తేలి, నడుము లోతులో నిలబడితే కాలి వేళ్లు కనిపించేంత తేటగా ఉండేది. దీనికి కారణం ఎగువన ఉన్న ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట, దాని స్థానంలో 1982 నాటికి పూర్తయిన బ్యారేజీ, ఎండాకాలపు నీటిని సముద్రానికి వదలకుండా డెల్టా కాలువల్లోకి మళ్లిస్తాయి. సీలేరునుంచి వదిలే నీళ్లు కూడా అక్కడికే చేరి, రెండో పంటగా వేసే దాళ్వా వరిచేలకు వెళతాయి. అందుచేత బ్యారేజీకి దిగువన ఉన్న మా గౌతమికి ఫాల్గుణ చైత్రాల్లో ఎగువనుంచి వచ్చే తోపు దాదాపు ఉండదు. సముద్రపు పోటుకు ఉబ్బుతూ, పాటుకు తగ్గుతూ, తనలో తానే ఊగుతూ ఉంటుంది. చైత్రం ముదిరే కొద్దీ దిగువ ఊళ్లలో ఉప్పునీరు ఎగదన్నుతుంది, వైశాఖానికి ఇసుక కాళ్లను కాలుస్తుంది, ఆపైన కొత్తనీరు దిగుతుంది. పిల్లలకు ఈత నేర్పడానికి ఏటిలో అనువైన కాలం ఏడాది మొత్తంలో ఆ ఐదారు వారాలే అని మా చిన్నమావయ్య ఎప్పుడూ చెప్పేవాడు. ఆయన అంతా చదివి చెప్పిన మాట కాదది, ఏటి పక్కన బతికి చెప్పిన మాట.

నా ఈతకు ముహూర్తం నిర్ణయించడంలోనే ఇంట్లో ఒక చిన్న తగవు జరిగింది. అమావాస్యకు, పున్నమికి పోటూ పాటూ రెండూ బలంగా ఉంటాయి. అష్టమి ప్రాంతంలో నీరు మెత్తబడుతుంది. అందువలన శుద్ధ అష్టమినాడు నన్ను నీళ్లలో దించుతానని చిన్నమావయ్య అన్నాడు. "అష్టమినాడు ఎవరైనా కొత్తపని మొదలుపెడతారా?" అని అమ్మమ్మ ఒప్పుకోలేదు. "అమ్మా, ఏటికి అష్టమే మంచిరోజు" అని ఆయన వాదించాడు. చివరకు ఇద్దరికీ సమ్మతమైన దశమి ఖాయమైంది. పంచాంగం ప్రకారం మంచి తిథి, ఏటి ప్రకారం ఇంకా నెమ్మదిగానే ఉన్న నీరు. అప్పటికి ఒంటిపూట బడులు కూడా మొదలవడంతో మధ్యాహ్నాలన్నీ మావే అయ్యాయి.

ఆ ముందురోజు సాయంత్రం చిన్నమావయ్య కొబ్బరికాయల కొట్టులోకి వెళ్లి, ఒక్కొక్క కాయనూ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, రెండు కురిడీ కాయలను ఏరి తెచ్చాడు. కురిడీ అంటే కోనసీమవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒలవని కాయను నెలల తరబడి అటక మీద ఉంచితే లోపలి నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి ఎండి, చిప్పనుంచి విడిపోయి గుండ్రంగా గలగలమంటూ దొర్లుతుంది. అంబాజీపేట సంతకు వెళ్లవలసిన కాయలవి. పీచులో గాలి, చిప్పలో గాలి ఉండటం వలన అవి నీళ్లమీద బెండులాగా తేలుతాయి. మావయ్య ఒక్కొక్క కాయనుంచి పీచును పట్టెడంత వెడల్పున చీల్చి, తెంపకుండా వదిలి, ఆ రెండు పట్టెలనూ కలిపి ముడివేశాడు. ఆ ముడి మీద కొబ్బరితాడు చుట్టి, మధ్యలో తన మూర పొడుగు ఎడం ఉంచాడు. ఆ ఎడంలో నా రొమ్ము ఆనించి పడుకుంటే చెరొక చంక కింద చెరొక కాయ వస్తుంది. "ఇవే నీ రెక్కలురా" అని నవ్వుతూ వాటిని గుమ్మం పక్కన మేకుకు తగిలించాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం దిగినప్పటి నీటి స్పర్శ నాకు ఈనాటికీ ఒంటిమీద ఉంది. ఎండకు పైన జానెడు నీరు గోరువెచ్చగా ఉంది. దానికింద మోకాళ్లనుంచి పాదాలదాకా చల్లదనం. నిలబడిన చోట పాదాల కింద ఇసుక మెల్లమెల్లగా జారిపోతూ, చిన్నచిన్న చేపపిల్లలు పిక్కలను పొడుస్తూ ఉంటే, భయమూ గిలిగింతా రెండూ ఒకేసారి కలిగాయి. మావయ్య మొదటి రెండు రోజులూ నన్ను ఈదనివ్వనే లేదు. రేవు మెట్టు పట్టుకుని కాళ్లు ఆడించడం, ముక్కు మూసుకోకుండా ముఖం నీటిలో ముంచి బుడగలు వదలడం, కళ్లు తెరిచి నీటి అడుగున ఆయన చూపిన వేళ్లు లెక్కపెట్టి చెప్పడం, ఇంతే. నీటిలో కళ్లు తెరిచినవాడికి నీరంటే సగం భయం పోతుందని ఆయన నమ్మకం. అది నిజమేనని నా అనుభవం కూడా చెబుతుంది. ఆకుపచ్చ వెలుగులో మావయ్య అరచెయ్యి పెద్దదిగా, వంకరగా కనిపించింది. దాని వెనక ఇసుక మీద ఎండ వలలాగా కదిలింది. ఆ అందం చూశాక పైకి రావాలనిపించలేదు.

మూడోరోజు కాయలు కట్టారు. నా బొడ్డు కింద ఆయన అరచెయ్యి, చంకల కింద కాయలు. "ఆకాశాన్ని కాదు, ఎదురుగా ఆ తాటిచెట్టును చూడు, బారలు పెద్దవిగా వెయ్యి, తొందరపడకు" అంటూ పక్కనే నడిచేవాడు. అయిదారు రోజులకు అరచెయ్యి తీసేశాడని నాకు తెలియనే లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన పది బారల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ తరువాత తాడు మెల్లగా వదులు చేసి కాయలను కిందికి జారనిచ్చాడు. ఇంకో వారానికి ఒక కాయను విడిపించాడు. ఒక్క కాయతో ఈదేటప్పుడు ఒళ్లు ఒకపక్కకు ఒరిగిపోతుంది, దాన్ని సరిచేసుకోవడానికి ఒంటికి ఒంటే ఏదో నేర్చుకుంటుంది. రెండో కాయ అవసరం లేదని నిజానికి నా శరీరానికి నాకన్నా ముందే తెలిసిపోయింది.

పోటుపాట్ల లెక్క కూడా అప్పుడే నేర్పాడు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ వచ్చిన వేళకు రేపు రెండు గడియలు ఆలస్యంగా వస్తుంది. గడియ అంటే 24 నిమిషాలు కనుక, రెండు గడియలు 48 నిమిషాలు. బడిలో గుణకారం తప్పులు చేసే నేను, ఏ రోజు ఎన్ని గంటలకు పోటు నిండుతుందో వేళ్లమీద తప్పులేకుండా చెప్పేవాడిని. పోటు ఎక్కేటప్పుడు దిగితే నీరు మనల్ని ఎగువకు, ఒడ్డువైపు తోస్తుంది; పాటు పడేటప్పుడు దిగితే దిగువకు లాగుతుంది. అందుకే పోటు సగం ఎక్కాక దిగి, నిండి నిలిచిన ఆ కాసేపు ఆడుకుని, పాటు మొదలుకాకముందే బయటికి రావాలి. నీరు నిలిచిన ఆ కాసేపట్లో ఏటిమీద ఒక్క ముడత కూడా ఉండదు. ఆ సమయంలోనే మేము కుండపెంకులు ఏరి నీటిమీద గెంతించేవాళ్లం. పల్చని పెంకును నడుము వంచి విసిరితే ఏడెనిమిది గెంతులు వేసి, చివరికి చప్పుడు లేకుండా మునిగిపోయేది.

ఏటిలో వేళ కుదరని రోజుల్లో మాకు కాలువ ఉండేది. దాళ్వా చేలు పొట్టమీద ఉండే ఆ రోజుల్లో కాలువకు వంతులవారీగా నీళ్లు వదిలేవారు. మా వంతు వచ్చిన రోజున కాలువ గట్టులు తాకుతూ పారేది, వంతు దాటితే నడుము లోతుకు దిగిపోయేది. వంతెన గోడమీదనుంచి దూకడం నిండు వంతులోనే చేయాలన్నది పెద్దవాళ్ల కట్టడి. మధ్యాహ్నం గేదెలు నీళ్లలో దిగే వేళకు వెళ్లి, వాటి తోకలు పట్టుకుని అవతలి గట్టుకు చేరడం మరొక ఆట. గేదె ముక్కుపుటాలు మాత్రమే పైకి పెట్టి, బుసబుసమని ఊపిరి వదులుతూ, మన బరువును లెక్కే చేయకుండా లాక్కెళ్లిపోతుంది. మంచినీళ్ల చెరువు జోలికి మాత్రం ఎవరమూ వెళ్లేవాళ్లం కాదు. వేసవిలో కాలువలు కట్టేశాక ఊరంతా తాగవలసిన నీళ్లు అవి. అందులో కాలు పెట్టిన పిల్లవాడిని ఎవరింటి బిడ్డ అని చూడకుండా ఊళ్లో ఎవరైనా మందలించవచ్చు.

కాలువలో మా ఓడ తాటిదోనె. పెద్ద తాటిమానును నిలువునా చీల్చి, మధ్యనున్న మెత్తని దూటను తవ్వి తీసేస్తే దోనె అవుతుంది. మొదలు వైపు ఉబ్బెత్తుగా ఉండి తనంతట తాను మూసుకుపోయి ఉంటుంది. కొన వైపు తెరిచి ఉన్న నోటికి బంకమట్టి ముద్దలు కొట్టి మూయాలి. ఆ మట్టి గట్టిపడేదాకా ఆగే ఓపిక మాకు ఉండేది కాదు. ముగ్గురం ఎక్కి నడి కాలువకు చేరేసరికి మట్టి కరిగి, నీరు పాదాలను తాకి, ఎవరో ఒకరు అరిచి లేచి నిలబడటం, దోనె తిరగబడటం దాదాపు ప్రతిసారీ జరిగేది. నల్లని ఆ దోనె లోపలివైపు నారలు గరుకుగా తొడలను గీరుకునేవి. ఇంటికొచ్చాక అమ్మమ్మ ఆ గీతలమీద కొబ్బరినూనె రాస్తూ, దోనె ఎక్కారా అని అడగకుండానే తెలుసుకునేది.

ఇక చెప్పకుండా దాటిపోలేని సంగతి ఒకటి ఉంది. కాముని పున్నమికి రెండు రోజుల ముందు, కాయలతో నాలుగు బారలు వేయగానే ఈత వచ్చేసిందన్న ధీమాతో, మావయ్య పొలంలో ఉన్న వేళ చూసి, ఈడు పిల్లలతో కలిసి తిప్ప మీదికి వెళ్లాను. కాయలు కట్టుకుంటే వాళ్లు నవ్వుతారని ఒడ్డునే వదిలేశాను. తిప్పకు ఏటివైపు అంచున మోకాలి లోతులో నడుస్తూ మరొక అడుగు వేశాను. కాలి కింద ఏమీ లేదు. అప్పటికే పాటు మొదలైంది. ఒడ్డుకేసి ఎంత బారలు వేసినా ఒడ్డు దూరమవుతోంది. నోట్లోకి నీళ్లు వెళ్లాయి, చెవుల్లో హోరు తప్ప మరేమీ వినిపించలేదు. అంతలో నా చేతికి నున్నని వెదురు తగిలింది. చేపల వలలు సర్దుకుంటున్న పడవ తాత తన గెడను చాచి, "పట్టుకో బాబూ, కొట్టుకోకు, పట్టుకుని ఊరుకో" అన్నాడు. ఏళ్ల తరబడి చేతులు ఆడి ఆడి అరిగిన ఆ గెడ నునుపు నా అరచేతిలో ఇప్పటికీ ఉంది.

ఇంట్లో తెలిస్తే దెబ్బలు తప్పవనుకున్నాను. చిన్నమావయ్య ఒక్క దెబ్బ కూడా వేయలేదు. మర్నాడు పోటు నిండిన వేళకు తాత పడవలోనే నన్ను అదే అంచు దగ్గరికి తీసుకువెళ్లి, గెడ నా చేతికిచ్చి దించమన్నాడు. తిప్ప మీద నా మోకాలిదాకా తడిసిన గెడ, ఒక్క అడుగు అవతల రెండు బారలు దిగినా అడుగు తగలలేదు. "ఏరు ఇసుకను ఒకవైపు పోగేస్తే, మరోవైపు అంతకు అంత తవ్వి ఉంటుంది. పాటుకు ఎదురు ఈదితే ఎంత మొనగాడైనా అలిసిపోతాడు. నీటితో పాటే పోతూ, ఏటవాలుగా ఒడ్డుకు చేరాలి" అని చెప్పి, నన్ను నీళ్లలో దించి, పక్కన పడవ నడిపిస్తూ, అలాగే ఏటవాలుగా ఈదించాడు. నేను దిగిన చోటికి చాలా దిగువన, ఎవరిదో దోసపాదు పక్కన ఒడ్డెక్కాను. ఆ రోజు నేను భయపడి ఇంట్లో కూర్చుని ఉంటే మళ్లీ జన్మలో ఏటిలో దిగేవాడిని కానేమో. భయం పుట్టిన చోటికే నన్ను తీసుకువెళ్లి దాన్ని కొలిచి చూపించిన మా మావయ్యకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

కాముని పున్నమి రాత్రి మా ఇంటిల్లిపాదీ పులిహోర, చక్రపొంగలి గిన్నెలతో పడవలో ఆ తిప్ప మీదికి వెళ్లాం. వెన్నెల్లో ఇసుక చల్లగా, పిండి ఆరబోసినట్టు ఉంది. ఒడ్డునున్న మామిడితోట పూతవాసన నీటి మీదుగా వచ్చేది. ఉల్లంకి పిట్టలు సన్నగా కూస్తూ నీటి అంచున పరుగులు పెట్టేవి. మావయ్య చేతులతోనే ఇసుక తోడి మూరెడు లోతు చెలమ తీశాడు. మొదట మసగ్గా ఊరిన నీటిని రెండుసార్లు తోడిపోసి కాసేపు ఆగితే, అడుగునుంచి తేటగా, చల్లగా నీరు ఊరింది. పక్కనే అంత ఏరు ఉండగా చెలమ నీరెందుకని నేను అడిగితే, ఇసుక వడపోసిన నీటికి ఆ రుచే వేరని, తాగి చూడమని దోసిట్లో పోశాడు. అంత చల్లని నీళ్లు నేను తరువాత ఎక్కడా తాగలేదు.

ఆ రాత్రే అమ్మమ్మ మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. భోజనాలయ్యాక ఆడవాళ్లు తిప్పకు అటువైపు కాళ్లు కడుక్కోవడానికి వెళ్లారు. కాసేపటికి మా పిన్ని గట్టిగా నవ్వుతూ పిల్లలను పిలిచింది. వెళ్లి చూస్తే, అప్పటికి అరవై దాటిన మా అమ్మమ్మ, గోచీ పోసి బిగించిన చీరతో, వెల్లకిలా నీటిమీద తేలుతూ ఉంది. చేతులు కదలడం లేదు, కాళ్లు కదలడం లేదు. నెరిసిన జుట్టు ముడి విడిపోయి వెన్నెల నీటిలో పరుచుకుంది. ఆమె పుట్టింది లంక గ్రామంలో. వరదనీరు చుట్టుముడితే పశువులను తోలుకుని ఒడ్డుకు చేరవలసిన ఇళ్లలో ఆడపిల్లలకు కూడా ఈత నేర్పేవారట. పెళ్లయి వచ్చాక నలుగురి ముందు ఈదే సందర్భమే రాలేదు. "నీళ్లు మరిచిపోలేదురా నన్ను" అంది ఒడ్డుకు వచ్చి, రొప్పకుండా, మామూలుగా. ఆమెను నేను అదివరకు పొయ్యి దగ్గరా, పూజ దగ్గరా, దొడ్లో మొక్కల దగ్గరా మాత్రమే చూశాను. ఆ రాత్రి ఆమె ముఖంలో కనిపించిన సంతోషం వేరే మనిషిది.

ఆ తిప్ప ఇప్పుడు లేదు. తరువాతి వరదలు దాన్ని కొంచెం కొంచెంగా దిగువకు తీసుకుపోయాయి, అది నది చేసే పనే కనుక దానికి నాకు బాధ లేదు. కానీ మొన్న ఫాల్గుణంలో వెళ్లినప్పుడు, ఒడ్డు వెంట ఇసుక తవ్వుకుపోయిన గుంతలు చూశాను. నది తవ్విన లోతుకు ఒక పద్ధతి ఉంటుంది, ఏ వంపులో ఉంటుందో తెలిసినవాళ్లు చెప్పగలరు. మనిషి తవ్విన గుంత ఎక్కడ ఉంటుందో గెడ పట్టిన తాతకు కూడా తెలియదు. అందువలన ఇప్పుడు తల్లిదండ్రులు పిల్లలను ఏటి దరిదాపులకు రానివ్వడం లేదు, అందుకు వాళ్లను తప్పుపట్టలేను. ఇంటి వెనక కాలువ, ఇంటి ముందు గౌతమి ఉన్న ఊరిలో, ఈత రాని పదిహేనేళ్ల పిల్లలు ఉన్నారన్న సంగతి మాత్రం నన్ను కలత పెడుతుంది. నీటి పక్కన పుట్టిన పిల్లలకు నీరు తెలియకపోవడం వాళ్లను కాపాడదని, మరింత ప్రమాదంలో పెడుతుందని నేను గట్టిగా నమ్ముతాను. వంతు లేని రోజున నడుము లోతు కాలువలో, తెలిసిన పెద్దవాళ్లు పక్కన ఉండగా, రెండు కాయలు కట్టి నేర్పే వీలు ఇప్పటికీ ఉంది. కాయలకు కోనసీమలో కొరత రాలేదు.

ఆ ఏడు వచ్చింది ప్రభవ నామ సంవత్సర ఉగాది, అరవై ఏళ్ల చక్రం మళ్లీ మొదటికి వచ్చిన పండుగ. తెల్లవారుజామున తలంట్లు పోసుకుని, నేనూ మావయ్యా ఏటికి వెళ్లి, కాయలు లేకుండా రేవునుంచి తిప్పదాకా ఈది వచ్చాం. ఇంటికి వచ్చేసరికి అమ్మమ్మ వేపపువ్వు నలుపుతూ ఉంది. మావయ్య నా రెండు కురిడీ కాయలనూ ఆమె ముందు పెట్టి, "అమ్మా, వీడికి ఇక వీటితో పని లేదు, దేవుడికి కొట్టమంటావా?" అని అడిగాడు. "మూడు వారాలు వీడి ఒంటికింద నలిగిన కాయలు దేవుడికెలా పెడతానురా!" అని అమ్మమ్మ కసిరి, ఒకదాన్ని మాత్రం తీసుకుని, పీచు ఒలిచి, గుమ్మం గడప మీద కాకుండా పెరటి బండమీద కొట్టించింది. చిప్ప రెండుగా విడగానే ఎండుకొబ్బరి గుండ్రంగా, చెక్కుచెదరకుండా, బంతిలాగా బయటికి దొర్లి వచ్చింది. దాన్ని ముక్కలు చేసి, బెల్లంతో కలిపి, ఇంట్లో పిల్లలందరికీ పంచింది. నూనె ఊరే ఆ ముక్క నములుతూ, ఇన్నాళ్లూ నన్ను మోసింది ఇదేనా అని నేను దాన్ని పదేపదే చూసుకున్నాను.

రెండో కాయను కొట్టనివ్వలేదు. మా పిన్ని కూతురికి అప్పుడు ఎనిమిదేళ్లు. వచ్చే ఫాల్గుణానికి దీని జతకు ఇంకొక కాయ చూడాలని చెబుతూ, చిన్నమావయ్య ముక్కాలిపీట వేసుకుని ఎక్కి, తాడు ముడి విప్పకుండానే, దాన్ని వసారా దూలానికి తగిలించాడు.